లాభం ఎక్కడి నుంచి వస్తుంది? కె.జి.ఎఫ్. కుర్రవాడి ప్రశ్నకు మా జవాబు

(యువజన కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి నెల ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తమ్ముడు మా దగ్గరికి వచ్చాడు. మారికుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీకి వెళ్ళే పిల్లవాడు. కాంట్రాక్టు మీద ఆరేళ్ళుగా పని చేస్తున్నాడు. ఫోనులో ఒక వార్త చూపించి, "అయ్యగారూ, మా కంపెనీకి ఈ ఏడు రికార్డు లాభమంట. స్వీట్లు పంచారు. మాకు జీతం పెరగలేదు. కంపెనీ బాగుంటే మేము బాగుంటామని మీరే ఒకసారి అన్నారు కదా?" అని అడిగాడు.

అన్నాము, నిజమే. ఒక పెళ్ళిలో వరుడికి ఉద్యోగం వచ్చిన సంతోషంలో అన్న మాట అది. ఆ మాట ఎంతవరకు సరైనదో చూసుకోవడానికే ఈ సాయంకాలం కూర్చున్నాము. 1991 నుంచి మన దేశంలో వచ్చిన ఆర్థిక సంస్కరణలు కంపెనీల లాభాలను ఏం చేశాయి, ఆ లాభం ఎక్కడెక్కడి నుంచి వచ్చింది అన్నది మన అంశం. వేదాంత కళాశాలలో ఇది మాకు నేర్పలేదు. తరువాత చదువుకున్నాము, కొంత కార్మికుల దగ్గర కూర్చుని నేర్చుకున్నాము. తప్పుంటే దిద్దండి.

ముందుగా ఒక మాట. సంస్కరణలకు ముందు అంతా బాగుండేదని చెప్పే వారిలో మేము లేము. పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది, స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూసేవారు. ఎవరు ఎంత సరుకు తయారు చేయాలో ఢిల్లీలో లైసెన్సు ఇచ్చేవారు. లైసెన్సు చేతిలో ఉన్నవాడికి పోటీ లేదు. బయటి సరుకు మీద దిగుమతి సుంకం సరాసరిన ఎనభై శాతం పైనే. కాబట్టి ఆ రోజుల్లోనూ లాభాలు ఉండేవి. అవి వస్తువు మంచిగా చేసినందుకు కాక, తలుపు దగ్గర కూర్చున్నందుకు వచ్చేవి. మన వాళ్ళలో ఆ తలుపు లోపల కూర్చున్నవారు ఎందరు? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

1991లో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితికి వచ్చింది. జూలైలో రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. రిజర్వు బ్యాంకు దగ్గరున్న బంగారంలో దాదాపు 47 టన్నులు లండనుకు, జపాను బ్యాంకు కుదువకు పంపారు. ఈ బంగారం మాట దగ్గరకు మళ్ళీ వస్తాము, ఎందుకంటే మనలో సగం మంది తాతలు బంగారం తవ్వినవారే. జూలై 24న డాక్టర్ మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టారు. అదే రోజు వచ్చిన పారిశ్రామిక విధానంలో 18 పరిశ్రమలు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్సు తీసేశారు. సుంకాలు ఏటేటా తగ్గాయి.

అప్పుడు భయపడింది ఎవరనుకుంటున్నారు? కార్మికులు భయపడ్డారు, సరే. కానీ పెద్ద పెద్ద పారిశ్రామికవేత్తలు కూడా భయపడ్డారు. 1993లో కొందరు బొంబాయిలో కూడి, విదేశీ కంపెనీలతో సమానమైన మైదానం మాకు ఇవ్వండి అని అడిగారు. పత్రికలు వారికి 'బాంబే క్లబ్' అని పేరు పెట్టాయి. పుస్తకంలో చెప్పే సూత్రం ప్రకారం వారి భయం సబబే. పోటీ వస్తే ధర తగ్గాలి, ధర తగ్గితే లాభం తగ్గాలి.

కొంతవరకు అలాగే జరిగింది. 1990ల రెండో సగంలో వడ్డీలు ఎక్కువ, పోటీ ఎక్కువ. చాలా కంపెనీల లాభాలు పడిపోయాయి, 2001-02 నాటికి బాగా అడుగున ఉన్నాయి. తరువాత 2003 నుంచి 2008 వరకు ఎప్పుడూ లేనంత ఎత్తుకు పెరిగాయి. పోటీ ఎక్కడికీ పోలేదు, సుంకాలు ఇంకా తగ్గాయి, అయినా లాభాలు పెరిగాయి. ఎలా?

దీని మీద ఒక మంచి పరిశోధన ఉంది. జాన్ డి లోకర్, పినెలోపి గోల్డ్‌బర్గ్, అమిత్ ఖండేల్‌వాల్, నీనా పావ్‌చ్నిక్ అనే నలుగురు ఆర్థికవేత్తలు మన దేశపు కంపెనీల లెక్కలనే తీసుకొని 2016లో ఎకనామెట్రికా పత్రికలో ప్రచురించారు. వారు చూపింది ఇది: సుంకాలు తగ్గినప్పుడు తయారైన వస్తువులకు పోటీ వచ్చింది, నిజమే. కానీ ముడిసరుకు, విడిభాగాలు కూడా చౌకగా రావడం మొదలైంది. తయారీ ఖర్చు ఎంత తగ్గిందో అమ్మే ధర అంత తగ్గలేదు. మధ్యలో మిగిలినది కంపెనీ దగ్గరే ఉండిపోయింది. చెల్లెళ్ళకు అర్థమయ్యేటట్టు చెబుతాము. నూనె డబ్బా ధర ఇరవై రూపాయలు తగ్గింది, హోటలువాడు దోసె మీద ఒక్క రూపాయి తగ్గించి బోర్డు పెట్టాడు. మనం సంతోషంగా తిని వచ్చాము. మిగతాది అతని గల్లాపెట్టెలో ఉంది. ఇందులో దొంగతనం లేదు, చట్టానికి విరుద్ధం లేదు. అయితే సంస్కరణల మేలంతా కొనేవాడికే వచ్చిందని ఎవరైనా చెబితే మాత్రం ఆ లెక్క సగమే.

మిగిలిన లాభం ఎక్కడిది? దీనికి బెంగళూరు వెళ్ళనక్కర లేదు, మన వీధి చివర సైనైడ్ దిబ్బ దగ్గర నిలబడితే చాలు.

మీలో చాలామందికి ఈ ఊరి కథ ఇంట్లో విన్నదే, కానీ పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన తమ్ముళ్ళ కోసం చెబుతాము. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ గనులు పట్టింది. చిత్తూరు వైపు నుంచి మన వాళ్ళు, ఉత్తర ఆర్కాడు, సేలం వైపుల నుంచి తమిళులు వచ్చారు. ఎక్కువమంది ఊళ్ళో ఊరి బయట ఉంచబడినవారు. బావిలో నీళ్ళు తోడనివ్వని ఊరు విడిచి, భూమిలోకి దిగడానికి వచ్చారు. 1902లో శివనసముద్రం నుంచి ఇక్కడికి కరెంటు వచ్చింది, బెంగళూరు వీధి దీపాలకంటే ముందే. ఆ కరెంటు మన ఇళ్ళకు కాదు, గనికి. లైన్ ఇళ్ళల్లో చిమ్నీ దీపాలే. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్ళింది. మొత్తం మీద ఈ నేలలో నుంచి దాదాపు 800 టన్నుల బంగారం బయటికి వచ్చింది. యోబు గ్రంథం ఇరవై ఎనిమిదో అధ్యాయంలో మనుషులు సంచరించని చోట సొరంగాలు తొలిచే గనివారి మాట వస్తుంది. దాన్ని ఇక్కడ చదివినప్పుడల్లా మా సంఘంలో ముసలివారు తలలు ఊపేవారు. వ్యాఖ్యానం అవసరముండేది కాదు.

మొదటి రోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైగా బంగారం వచ్చేది. లాభాలు లండనుకు పోయాయి. మంచి ధాతువు తరిగిపోయాక, 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది. తరువాత కేంద్రం చేతికి వెళ్ళాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రభుత్వం చేతిలో ఉన్న చాలా ఏళ్ళు ఈ బంగారాన్ని బజారు ధరకు అమ్మలేదు. దానికంటే బాగా తక్కువగా ఉండే అంతర్జాతీయ అధికారిక ధరకు ప్రభుత్వానికే అప్పగించారు. అంటే బజారులో బంగారానికి గిరాకీ ఉన్న రోజుల్లో మన గని పుస్తకంలో నష్టం రాసుకున్నారు. 'నష్టాల గని' అనే పేరు అలా మొదలైంది. ఆ పేరు మన నాన్నల మీద పడింది, వాళ్ళు పని చేయరు కాబట్టి నష్టం అని.

తరువాత సంస్కరణలు వచ్చాయి. 1990లో బంగారం నియంత్రణ చట్టం రద్దయింది. 1992 నుంచి దిగుమతులు సడలించారు, దేశంలో బంగారానికి ఉండే అదనపు ధర కరిగిపోయింది. అధికారిక ధర పోయి బజారు ధర వచ్చేసరికి, ఆ బజారు ధరే కిందికి దిగడం మొదలైంది. 1991 చివర్లో ఒక చట్ట సవరణ చేసి, ప్రభుత్వ కంపెనీలను కూడా రోగగ్రస్త పరిశ్రమల బోర్డు ముందుకు తేవచ్చన్నారు. 1992లో మన గని ఆ బోర్డు ముందుకు వెళ్ళింది. 2001 ఫిబ్రవరి 28న చివరి షిఫ్టు పైకి వచ్చింది. ఒకప్పుడు ముప్పై వేల మంది పని చేసిన చోట అప్పటికి మిగిలింది మూడు వేల పైచిలుకు.

సంస్కరణలే గనిని చంపాయని మేము చెప్పము. టన్నుకు మూడు నాలుగు గ్రాములే వస్తున్నాయి, లోతుకు పోయేకొద్దీ గాలి పంపడానికి, నీళ్ళు తోడడానికి ఖర్చు. ఏదో ఒక రోజు మూసేవారే. కానీ మూసిన సంవత్సరం చూడండి. 2001లో పది గ్రాములు నాలుగు వేల చిల్లర. ఔన్సుకు 270 డాలర్ల దగ్గర. ఇరవై ఏళ్ళలో అంత తక్కువ ధర ఎప్పుడూ లేదు. 2024లో పది గ్రాములు డెబ్బై వేలు దాటింది. మార్కెట్ చెప్పిందే సత్యమైతే, ఏ సంవత్సరం మార్కెట్ చెప్పింది? ఇదే రాష్ట్రంలో రాయచూరు జిల్లాలో హట్టి బంగారు గని ఉంది. అదీ ప్రభుత్వానిదే, కర్ణాటక ప్రభుత్వానిది. అది మూతపడలేదు, లాభాల్లో ఉంది. దాని ధాతువు మనకంటే మెరుగు, ఒప్పుకుంటాము. అయినా 'ప్రభుత్వ గని అంటే నష్టమే' అనేవారు ఒకసారి రాయచూరు బస్సెక్కితే మంచిది.

ఇప్పుడు అసలు లెక్క. గని పుస్తకంలో ఖర్చు అని ఏమేమి రాసేవారు? ఆసుపత్రి, నీళ్ళు, లైన్ ఇళ్ళకు మరమ్మతు, బళ్ళు, పారిశుద్ధ్యం. గని మూసేసరికి ఆ ఖర్చులన్నీ ప్రభుత్వ పుస్తకంలో నుంచి మాయమయ్యాయి. నిజంగా మాయమయ్యాయా? మా నాన్నగారికి ఊపిరాడని రాత్రుల్లో ఆక్సిజన్ సిలిండరు అద్దెకు తెచ్చింది మా అమ్మ, తాళి తప్ప మిగతా బంగారం అమ్మి. బంగారు గని కార్మికుని ఇంట్లో ఉన్న బంగారం అంతే. అది ఏ కంపెనీ బ్యాలెన్స్ షీటులోనూ లేదు, మా ఇంటి తాకట్టు చీటీలో ఉంది. సిలికోసిస్ అని డాక్టరు నోటితో అన్నాడు, కాగితం మీద మాత్రం టి.బి. అని రాశాడు. ఇక్కడ ఇలాంటి కాగితాలు ఇంటికొకటి ఉంటాయి.

ఇంకొకటి. గని మూశాక మన పిల్లలు ఏం చేశారు? రైలెక్కారు. రోజుకు నాలుగు ఐదు గంటలు ప్రయాణం, వైట్‌ఫీల్డుకు, బెంగళూరు కంటోన్మెంటుకు. కొందరు హోసూరుకు. హక్కులతో, సంఘంతో, పి.ఎఫ్.తో ఉన్న తండ్రి కొడుకు ఎంతకైనా పనికి సిద్ధమయ్యాడు. ఒక ఊరి నష్టం వంద కిలోమీటర్ల దూరంలో ఇంకొకరి లాభంగా మారడం అంటే మాకు అర్థమైనది ఇదే. మేము పుట్టిన ఊరు కాబట్టి అంటున్నామేమో అని మమ్మల్ని మేమే అనుమానించుకున్నాము. అందుకే దేశం మొత్తం అంకెలు చూశాము.

ఏటేటా ప్రభుత్వం పరిశ్రమల సర్వే చేస్తుంది. దాని ప్రకారం ఫ్యాక్టరీల్లో పుట్టిన నికర విలువలో కార్మికుల వేతనాల వాటా 1980ల మొదట్లో సుమారు 30 శాతం. 2000 దశకం చివరికి అది సుమారు 10 శాతానికి వచ్చింది. అదే కాలంలో లాభాల వాటా ఇరవై చిల్లర నుంచి యాభై దాటింది. యంత్రాలు పెరిగాయి కాబట్టి కొంత సహజమే అంటారు. సరే. కాంట్రాక్టు కార్మికుల సంగతి? 1990ల చివర్లో ఫ్యాక్టరీ కార్మికుల్లో ఆరుగురిలో ఒకరు కాంట్రాక్టు. 2022-23కు పదిమందిలో నలుగురు. యంత్రం పక్కన నిలబడి ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి జీతం, ఇంకొకరికి కూలి ఎందుకో యంత్రానికి తెలియదు.

2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కు తగ్గించారు, కొత్త ఫ్యాక్టరీలకు 15 శాతం. పెట్టుబడి పెరుగుతుంది, ఉద్యోగాలు వస్తాయి అన్నారు. 2024-25 ఆర్థిక సర్వే తెరవండి, అది ప్రభుత్వం వారే రాసినది, మా లాంటి పాస్టర్లు రాసినది కాదు. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే, ఉద్యోగాలు ఒకటిన్నర శాతం మాత్రమే పెరిగాయని అందులో ఉంది. తమ్ముడు అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఆ ఒక్క వాక్యంలో ఉంది.

షోలాపూరు, ముంబై నుంచి వచ్చిన పద్మశాలి సోదరులు ఉన్నారు. మీ కథ వేరు, మీ దగ్గర లాభం నేలలో దొరికింది. మిల్లు నడిపితే నష్టం, మిల్లు కింది స్థలం అమ్మితే బంగారం. 1991లో ముంబై నగర నిబంధనలు మార్చి మిల్లు స్థలాల అమ్మకానికి దారి ఇచ్చారు, 2001లో ఇంకా సడలించారు. 2005లో ప్రభుత్వ టెక్స్‌టైల్ కార్పొరేషన్ ఐదు మిల్లుల స్థలాలకే రెండు వేల కోట్లు దాటి వచ్చాయి. మగ్గం దగ్గర నలభై ఏళ్ళు నిలబడినవాడు ఇప్పుడు అదే చోట కట్టిన మాల్‌లో కాపలా ఉంటాడు. రాయగడ నుంచి వచ్చిన చెల్లి ఉదయం నియమగిరి గురించి చెప్పింది. 2013లో పన్నెండు గ్రామసభలు వరుసగా వద్దన్నాయి. బాక్సైటు ధరలో కొండకు వెల వేయలేదు, ఆ కొండ మీద బతికేవారు వేశారు.

చిన్న కంపెనీల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే సంస్కరణల వల్ల లాభం పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ఒకప్పుడు ఎనిమిది వందలకు పైగా వస్తువులు చిన్న పరిశ్రమలకే కేటాయించి ఉండేవి. ఒక్కొక్కటి తీసేస్తూ వచ్చారు. 2015 ఏప్రిల్‌లో చివరి ఇరవై కూడా తీసేశారు. అందులో ఏమున్నాయో తెలుసా? పచ్చళ్ళు, రొట్టె, అగరబత్తి, అగ్గిపెట్టెలు, మన ఆరాధనలో వెలిగించే మైనపు కొవ్వొత్తులు. కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు అగ్గిపెట్టెలు అంటించే ఇళ్ళల్లో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. అక్కడ యజమాని కూడా పేదవాడే. కూలి పెంచమని అతన్ని నిలదీసే ముందు అతని పుస్తకం కూడా చూడాలి. లాభం అనగానే పాపం అనుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. లాభం లేని చిన్న యజమాని మొదట ఆపేది కూలీనే.

మరి మనం ఏం చేయాలి అని అడుగుతారు. యానాం తమ్ముళ్ళు ఇక్కడే ఉన్నారు, 2012 జనవరిలో మీ ఊళ్ళో టైల్స్ ఫ్యాక్టరీ వివాదంలో రెండు పక్కలా ప్రాణాలు పోయాయి. ఫ్యాక్టరీ కాలింది, మూతపడింది, కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. ఆ దారి ఎక్కడికి పోయిందో మీకు ఇంకా బాగా తెలుసు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో పట్టి ఉంచిన కూలి మొర పెడుతుందని ఉంది. ఆ మొర లెక్కతో పెట్టినప్పుడు దానికి బలం ఎక్కువ అని మా అనుభవం. షేర్ మార్కెట్‌లో నమోదైన ప్రతి కంపెనీ తన వార్షిక నివేదిక బయట పెట్టాలి. అందులో ఉద్యోగుల ఖర్చు ఒక వరుస, పన్ను ఒక వరుస, లాభం ఒక వరుస. పెద్ద కంపెనీలయితే పర్మనెంటు వారెందరో, కానివారెందరో కూడా రాయాలి. ఇది ఫోనులోనే దొరుకుతుంది. మొన్న ఆ తమ్ముడితో కూర్చుని అతని కంపెనీ నివేదిక తెరిచాము. గంటన్నర పట్టింది. ఐదేళ్ళలో లాభం రెండింతలు దాటింది, ఉద్యోగుల ఖర్చు పావు వంతు పెరిగింది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మాకు ఇవ్వడానికి లేదన్నారు అయ్యగారూ" అన్నాడు.

ఇప్పుడు మన దిబ్బల సంగతి ముందుకు వస్తోంది. నూరేళ్ళుగా పోసిన ఆ సైనైడ్ మట్టిలో ఇంకా బంగారం ఉంది. ఇప్పటి ధరకు అది తీయడం గిట్టుబాటు. 2024 జూన్‌లో పదమూడు దిబ్బల్లో తవ్వకానికి కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. ఏదో ఒక కంపెనీ వస్తుంది, లాభం చేసుకుంటుంది, చేసుకోనివ్వండి. కానీ ఆ దుమ్ము గాలికి లేచి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, లైన్ ఇళ్ళ పట్టాలు ఇంకా రాని కుటుంబాల సంగతేమిటి, పని ఇచ్చేది ఎవరికి, పర్మనెంటుగానా కాంట్రాక్టుగానా? ఇవి ఒప్పందం రాసేముందు అడగవలసినవి. సంతకాలు అయ్యాక అడిగితే అది వినతి పత్రం అవుతుంది, అంతే.

అందుకని ఒక పని పెట్టుకున్నాము. వచ్చే నెల రెండో శనివారం ఇదే హాలులో కూర్చుంటాము. పనికి వెళ్ళేవారు మూడు నెలల పే స్లిప్పులు తీసుకురండి. గనిలో పని చేసిన వారి ఇంట్లో ఉన్న పాత ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు, ఇంటి రసీదులు, ఎంత చిరిగినా పర్వాలేదు, తీసుకురండి. రాయడం వచ్చిన ఇద్దరు చెల్లెళ్ళు ఒప్పుకున్నారు, వరుసగా పుస్తకంలో ఎక్కిస్తారు. మా ఇంటి కాగితం మొదటి పేజీలో ఉంటుంది. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. రైలు వారు ముందు అడగండి, టైము అవుతోంది.